ఆమతో ఈదిన అంతయ్య

బావిలో బిందె పడిందంటే మా వీధిలో ముందు కేకలు, తరవాత గాలం, ఆఖరికి అంతయ్య. గాలంతో కెలికి కెలికి నీళ్ళన్నీ బురద చేసుకున్నాక గానీ ఎవరికీ అతను గుర్తొచ్చేవాడు కాదు. వచ్చి, చొక్కా విప్పి గిలక మీద వేసి, ఎవరి వంకా చూడకుండా దిగిపోయేవాడు. గట్టు మీద మేమందరం ఊపిరి బిగబట్టి నిలబడితే, అతను మాత్రం తీరిగ్గా బిందె నెత్తిన బోర్లించుకుని పైకి తేలేవాడు. "ఇంతసేపు కింద ఏం చేశావయ్యా?" అని అడిగితే, "ఊకెనే ఉన్న టీచరమ్మా. మంచిగుంటది" అనేవాడు. చీకటి బావి అడుగున మంచిగా ఉండటమేమిటో నాకు అర్థమయ్యేది కాదు.

మేము బాపట్ల వాళ్ళం. ఎనభై నాలుగులో మా ఆయనకు హైదరాబాదు బదిలీ అయితే, దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్‌బీ నగర్ వైపు వెళ్ళే దారిలో కొత్తగా పుట్టిన ఒక కాలనీలో అద్దెకు దిగాం. కాలనీ అన్నది పేరుకే. మొన్నమొన్నటిదాకా జొన్న పండిన నేలలో హద్దురాళ్ళు, రాళ్ళ మధ్య పల్లేరుకాయలు, అక్కడక్కడ సగం లేచిన గోడలు. నల్లా నీళ్ళు వస్తాయన్న మాట వచ్చేది గానీ నీళ్ళు వచ్చేవి కావు. అందుకే ఇల్లు కట్టే ప్రతివాడూ ముందు బావి తవ్వించేవాడు. మా ఇంటి యజమానురాలు ఇంద్రమ్మది ఆ ఊరి పాత కాపుల ఇల్లు. పొలమంతా ప్లాట్లు చేసి అమ్మేసి, మిగిలిన ముక్కలో రెండేసి గదుల పోర్షన్లు వరసగా వేయించి కిరాయికిచ్చింది. మా పక్క పోర్షన్ అంతయ్య, సైదమ్మ దంపతులది. మధ్య గోడ ఎంత పలచనంటే, వాళ్ళు పోపు వేస్తే మేము తుమ్మేవాళ్ళం.

నేను ఒక ప్రైవేటు బళ్ళో తెలుగు చెప్పేదాన్ని. నాకు నోరెక్కువని మా ఆయన అంటారు. రోజంతా పిల్లల చేత పద్యాలు అప్పజెప్పించుకునే మనిషికి నోరు కాక ఇంకేం ఎక్కువవుతుంది? నోరున్నవాళ్ళకు ఇంకో జబ్బు కూడా ఉంటుంది. పక్కింట్లో మాటలు వినబడకపోతే తోచదు.

పక్కింట్లో మాటలు వినబడటం మానేశాయి. మేము వచ్చిన కొత్తలో బాగానే వినిపించేవి. సైదమ్మ కసురుకునేది, అంతయ్య గొణిగేవాడు, ఒక్కోసారి ఇద్దరూ నవ్వేవారు. ఆ వానాకాలం అంతయ్య చలిజ్వరంతో మంచం పట్టాడు. జ్వరం తగ్గింది గానీ, దానితోపాటే ఆ ఇంట్లో మాట కూడా పోయింది. సైదమ్మ అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, బట్టలు ఉతికేది. మొగుడితో పలుకు మాత్రం లేదు. తప్పనిసరైతే గోడకు చెప్పేది: "గాసునూనె ఒడిసింది." గోడతో పని జరగకపోతే నాకు చెప్పేది, అతను పక్కనే ఉన్నా సరే: "టీచరమ్మా, పొయ్యిలకు కట్టెల్లేవని చెప్పున్రి." నేను అటు తిరిగి, "అంతయ్యా, కట్టెలు లేవట" అనేదాన్ని. అతను తల వంచుకుని, "తెస్తనని చెప్పున్రి" అనేవాడు.

కొన్నాళ్ళు నవ్వొచ్చింది. ఏడాది దాటినా అదే తంతు నడుస్తుంటే నవ్వు పోయి ఒళ్ళు మండింది. పిల్లాజెల్లా లేని ఇల్లు, ఉన్నదే ఇద్దరు. ఆ ఇద్దరి మధ్య నేను రాయబారం నడపకపోతే పొయ్యి వెలగదంటే ఏం కాపురం అది? అంతయ్య దీవుల నుంచి తెచ్చిన గవ్వల దండ ఒకటి సైదమ్మ మెడలో ఉండేది. దాన్ని తెంపి వీధి పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేసింది. అంతయ్య గుమ్మంలో నిలబడి ఆ పిల్లలు గవ్వలాడటం చూశాడు. ఎందుకిచ్చావని అడగలేదు. చొక్కా భుజాన వేసుకుని, ఎవరి బావిలోనో పూడిక తీయాలని వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో అతను బావుల్లో ఉండే సమయం పెరిగింది. "ఇంట్ల కన్న బాయిల నయం టీచరమ్మా, ఆడ సప్పుడు లేకున్న ఏమనిపియ్యది" అని ఒకసారి నాతో అనేశాడు.

దీవులంటే లక్షదీవులు. అంతయ్యది నల్లగొండ జిల్లాలో, పెద్దవూర పక్కన, కృష్ణ ఒడ్డు పల్లె. నడక కన్నా ముందు ఈత నేర్చినవాడు. వయసులో సాగర్ డ్యామ్ దగ్గర నీళ్ళలో మునిగి పనిచేసే కూలీగా ఉండేవాడు. అక్కడ పరిచయమైన మలయాళీ మేస్త్రి ఒకాయన, దీవుల్లో పడవల రేవు కడుతున్నాం, నీళ్ళలో మునిగే మనిషి కావాలని వచ్చి తీసుకుపోయాడు. ఆర్నెల్ల పనన్నది రెండేళ్ళు పట్టింది. అప్పటికి కాలనీలో ఈ వరస తప్ప ఇళ్ళే లేవు, మిగతా పోర్షన్లూ ఖాళీ. సైదమ్మ ఇదే పోర్షన్లో ఒక్కతే ఉంది. ఆ రెండేళ్ళ కోపమే ఇప్పుడు ఆలస్యంగా బయటపడిందని అంతయ్య అనుకున్నాడు. దానంతట అదే చల్లారుతుందని ఊరుకున్నాడు.

అసలు సంగతి కర్మన్‌ఘాట్ దారిలో బయటపడింది. మంగళవారం మంగళవారం నేనూ సైదమ్మా అక్కడి హనుమంతుడి గుడికి నడిచి వెళ్ళేవాళ్ళం. ఒకనాడు తిరిగి వస్తూ, కొబ్బరిచిప్ప కొంగున ముడివేసుకుంటూ అడిగింది.

"టీచరమ్మా, మీరు సదువుకున్నోళ్ళు. లక్షదీవులల్ల ఆడోళ్ళు మస్తు మంచిగుంటరా?"

"నేనెక్కడ చూశాను? ఇప్పుడు వాళ్ళ గొడవెందుకు నీకు?"

"ఆయనకు ఆడ ఒకామె ఉండె."

నేను నడక ఆపేశాను. సైదమ్మ ఆగలేదు. రోడ్డు వంక చూస్తూనే చెప్పింది. "జరంల ఆయన నోట్లెకెంచే వచ్చింది. 'ఆమ వచ్చింది, నా పక్కపొంటి వచ్చింది' అన్నడు. 'ఆమ కండ్లల్ల నీళ్ళు' అన్నడు. 'ఆమను ఇడిసిపెట్టి వచ్చిన' అని ఏడ్చిండు టీచరమ్మా. వాళ్ళవ్వ సచ్చిపోయిన్నాడు గూడ ఏడ్వని మనిషి."

"మరి అడిగెయ్యకపోయావా?"

"ఏమని అడుగుదు? ఉన్నదంటే ఏం జేస్త? లేదంటే నమ్ముతనా?"

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నేనూ నమ్మేశాను. మొగుడి నోట 'ఆమె' అన్న మాట ఊడిపడితే, తెలుగునాట ఏ ఇల్లాలైనా కూర్చుని వ్యాకరణం విచారిస్తుందా? పైకి ఏమీ తెలియని నంగనాచిలా ఉండే అంతయ్య మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. అందుకే ఇంద్రమ్మ ఇంటి బావిలో చేద పడి అతను దిగిన రోజున, పైకి రాగానే గట్టు మీదే పట్టుకున్నాను.

"నిలబడు అంతయ్యా. ఎవరా ఆమె?"

"ఎవరామె?"

"లక్షదీవుల ఆమె. జ్వరంలో కలవరించావటగా. వచ్చిందట, ఏడ్చిందట, వదిలేసి వచ్చావట. అందుకేగా ఆ ఇల్లాలు నీతో మాట్లాడటం మానేసింది!"

ఒళ్ళంతా నీళ్ళు కారుతూ నిలబడ్డాడు. అతనికి మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వడం మొదలుపెట్టాడు. అతను నవ్వగా నేను చూడటం చాలా రోజుల తరవాత అదే మొదలు. గట్టు మీద కూలబడి నవ్వీ నవ్వీ, అట్లాగే ఏడుపులోకి జారిపోయాడు.

"అయ్యో టీచరమ్మా! ఆమె గాదు, ఆమ. వాళ్ళ భాషల తాబేలును ఆమ అంటరు. గది తాబేలు!"

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, ఇన్నాళ్ళ ఏడుపు తవ్వితే తాబేలు బయటపడింది. తప్పు సైదమ్మది కాదు, మన భాషది. మగవాడైతే వచ్చాడు అంటాం. ఆడమనిషైనా వచ్చిందే, తాబేలైనా వచ్చిందే. వచ్చింది, పోయింది, ఏడ్చింది. ఆ క్రియల్లో ఎక్కడా చీర కట్టుకున్నదెవరో, డిప్ప మోసేదెవరో తెలియదు. ఏళ్ళ తరబడి పిల్లలకు లింగాలూ వచనాలూ నేర్పిన నాకే తట్టలేదు.

"తాబేలని చెప్పకూడదా మరి? ఆమ, ఆమ అని ఆ పరాయి మాట ఎందుకయ్యా?"

"తాబేలంటే మన బాయిలల్ల ఉంటది, గింతంత, నల్లగ, కంపు కొట్టుకుంట. గది తాబేలు. ఇది ఆమ" అన్నాడు, ఇంతకన్నా విడమర్చి చెప్పడం ఎవరి తరమూ కాదన్నట్టు.

ఆ పూట గట్టు మీద కూర్చుని మొదటిసారి అంతా చెప్పాడు. సముద్రానికి పోటు వచ్చినప్పుడు రేవు పని ఆగిపోయేదట. మిగతా కూలీలు పేకాడుకునేవారు. అంతయ్యకు ఆ ఆటా రాదు, వాళ్ళ మాటా రాదు. ఇసుకలో కూర్చుంటే పొద్దు గడిచేది కాదు. ఒక్కోరోజు తన గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి తన పేరు తనే పిలుచుకునేవాడట. పడవ నడిపే ఆలి అనే ముసలాయన ఇది కనిపెట్టి, రబ్బరు పట్టీ ఉన్న అద్దాలు అతని కళ్ళకు కట్టి, నీళ్ళలోకి వేలు చూపించి "ఆమ" అన్నాడు. అంతయ్య నేర్చుకున్న మొదటి మలయాళం ముక్క అదే.

"మునిగి చూస్తే టీచరమ్మా, కింద పచ్చిక! సముద్రంల పచ్చిక! బర్రెలు మేసినట్టు దాని మీద మేస్తున్నయ్. ఒక్కొక్కటి దూడంత ఉన్నది. గడ్డి కొరికే సప్పుడు గూడ ఇనబడ్డది నాకు."

పుస్తకాల్లో వాటిని పచ్చ తాబేళ్ళంటారు. పైకి పచ్చన ఏమీ లేదని, గోధుమరంగు డిప్ప మీద ఎండపొడ పడ్డట్టు చారలుంటాయని అంతయ్య చెప్పాడు. మొదటి రోజు కృష్ణలో చేపను పట్టినట్టు పైనుంచి దూకి పట్టుకోబోయాడట. రెక్కల్లాంటి ముందుకాళ్ళు రెండు ఊపులు ఊపిందో లేదో, అది మాయం. ఆలి పడవలోంచి తిట్టాడు. భాష రాకపోయినా తిట్లు బాగానే అర్థమయ్యాయి. తరవాత ముసలాయన చేతులతో చూపించాడు. మీద నుంచి పోవద్దు. వెంటపడొద్దు. ముట్టుకోవద్దు. పక్కనుంచి, ఎడంగా, నీ పనిలో నువ్వున్నట్టు ఈదు. అది ఊపిరికి పైకి వస్తే దారి వదులు.

"గట్లనే చేసిన. కొన్ని దినాలకు ఒక ఆమ నన్ను చూసి బెదురుడు బందు పెట్టింది. దాని ఎనక రెక్క జర కొరికేసి ఉండె, ఏ చేప కొరికిందో. రోజు గదే జాగల ఉంటుండె. అది మేస్తుంటే నేను పక్కన తేలుతుంటి. అది పైకి పోతే నేను పైకి పోతుంటి. ఇద్దరం ఒక్కపారే ఊపిరి తీసుకుంటుంటిమి, అది బుస్సున, నేను బుస్సున. మల్ల ఇద్దరం కిందికి. నీళ్ళల్ల పెయ్యి బరువు పోతది చూడున్రి, గట్లనే లోపలి రంది గూడ పోతుండె. ఒక్కొక్కపారి దాని కన్ను నా మొకం దిక్కు తిరుగుతుండె. గంతే, ఇంకేం లేదు. గా రెండేండ్లు నన్ను మనుషులెవ్వరు గట్ల చూడలే."

ఇక వచ్చేస్తాడనగా ఒక తెల్లవారుజామున దాన్ని ఒడ్డు మీద చూశాడట. ఇసుకలో గుడ్లు పెట్టి, అలిసిపోయి, ఈడ్చుకుంటూ నీళ్ళలోకి పోతోంది. కళ్ళ నిండా నీళ్ళు. అది ఏడుపు కాదు, ఒంట్లో ఉప్పు అట్లా కారిపోతుందని ఆలి చెప్పాడు. "నేను నమ్మలే. నేను పోతున్న గదా, నా కోసమనే అనుకున్న. పిచ్చోన్ని" అని అంతయ్య మొహం తుడుచుకున్నాడు.

తిరిగొచ్చిన కొత్తలో ఎల్‌బీ నగర్ చౌరస్తాలో చాయ్ హోటల్ దగ్గర ఈ సంగతి చెప్పబోయాడట. కూర ఎట్లుందని ఒకడు, లగ్గం ఎప్పుడని ఒకడు. అందరూ విరగబడి నవ్వారు. ఆ దెబ్బతో నోరు కుట్టేసుకున్నాడు. ఇంట్లో కూడా నవ్వుతారని భయపడ్డాడు.

తడి బట్టలతోనే ఇంటికి పరుగెత్తాడు. నేను మా ఇంట్లోకి పోయి గోడ పక్కన నిలబడ్డాను. చాటుగా వినడం తప్పే, కానీ ఇన్నాళ్ళ రాయబారికి ఆ మాత్రం హక్కు ఉండదా?

"సైదీ, ఆమ అంటే తాబేలే! సముద్రం తాబేలు!"

తరవాత సైదమ్మ గొంతు, ఎన్నాళ్ళకో నేరుగా మొగుడికే: "ఎవనికి చెప్తవ్? తాబేలు కోసం మొగోడు ఏడుస్తడా?" ఒక గిన్నె నేల మీద పడింది. మళ్ళీ మామూలే. నేను వెళ్ళి సాక్ష్యం చెబితే, "మీరు ఆయన దిక్కే మాట్లాడ్తరు" అంది. ఆవిడ బాధ నాకు తెలుసు. ఆ మనిషి మనసు దేనికోసమైనా అంతగా కరగడం తన కాపురంలో ఆవిడ చూడలేదు. అలాంటిది, తాబేలు కోసమంటే ఎట్లా నమ్ముతుంది?

ఆ ఏడు మాఘ పౌర్ణమికి సముద్రస్నానానికి మా ఊరు వెళుతూ వాళ్ళిద్దరినీ రమ్మన్నాను. మా ఆయనకు సెలవు దొరకలేదు. సైదమ్మ సముద్రం చూసి ఎరగదు. పుణ్యస్నానం కాబట్టి ఒప్పుకుంది. ఎల్‌బీ నగర్లో విజయవాడ బస్సు ఎక్కి, ముగ్గురు కూర్చునే సీట్లో నన్ను మధ్యన కూర్చోబెట్టారు. రాయబారికి ప్రయాణంలోనూ సెలవు లేదనుకున్నాను.

సూర్యలంకలో ఒడ్డంతా జనం. మునకలేసి, దణ్ణాలు పెట్టుకుని, ఆ తొక్కిసలాట నుంచి తప్పుకుని ఇసుక వెంట నడిచాం. కొంత దూరం పోయాక, అలలు వచ్చి తాకి పోయే చోట ఒక తాబేలు చచ్చిపడి ఉంది. చలికాలంలో గుడ్లు పెట్టడానికి మా తీరానికి వస్తాయి. వలల్లో చిక్కుకుని, ఊపిరికి పైకి రాలేక కొన్ని చచ్చిపోయి ఇట్లా కొట్టుకొస్తాయి. చిన్నప్పటి నుంచి చూసినదాన్ని కనుక, ముక్కు మూసుకుని పక్కకు తప్పుకున్నాను.

అంతయ్య కదల్లేదు. "ఇది ఆమ గాదు. చిన్నది. గని చుట్టమే" అన్నాడు, మాతో కాదు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దోసిట్లో నీళ్ళు తెచ్చి, దాని కళ్ళ మీద ఇసుకను కడిగాడు. మెడ కింద చెయ్యి పెట్టి, వాలిపోయిన తలను సరిచేశాడు. బావుల్లో రాళ్ళు పెకలించే ఆ చేతులు అంత మెత్తగా కదలగలవని నాకు తెలియదు. సైదమ్మకూ తెలియదు. తడికొంగు పిండుకుంటున్నదల్లా పిండటం మానేసి చూస్తూ నిలబడిపోయింది. నమ్మిందని ఆవిడ మొహంలోనే కనబడింది. అతను పైకి జరిగి ఇసుకలో గుంట తీసి దాన్ని పూడ్చేదాకా అక్కడే నిలబడింది. పీడ విరగడైంది, ఇక ఈ రాత్రి నుంచి పక్కింట్లో మాటలు వినబడతాయని నేను సంబరపడ్డాను.

తిరుగు ప్రయాణంలో సైదమ్మ కిటికీ పక్కన కూర్చుంది. విజయవాడ దాటింది, కోదాడ దాటింది, పలకలేదు. సూర్యాపేటలో చాయ్ కోసం బస్సు ఆపారు. అంతయ్య మా ఇద్దరికీ గ్లాసులు తెచ్చాడు. ఆవిడ గ్లాసు నా చేతికివ్వకుండా ఆవిడకే ఇచ్చాడు.

"ఇప్పటికన్న నమ్మినవా సైదీ?"

"నమ్మిన."

"మల్ల కోపమేంది?"

సైదమ్మ చాయ్ తాగలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని దాన్నే చూస్తూ అంది: "ఆడమనిషైతే తిట్టుకుంటుంటి, శాపనార్థాలు పెట్టుకుంటుంటి. తాబేలును ఏమని తిట్టుదు?" తలెత్తింది. "గా రెండేండ్లు నీకు తాబేలన్న దొరికింది. నాకు గది గూడ దొరకలే."

డ్రైవరు హారన్ కొడితే ఎక్కాం. నేను ముందు సీట్లో చోటు చూసుకుని కూర్చున్నాను. నా అవసరం అక్కడ తీరిపోయింది. నకిరేకల్ దాటాక వెనకనుంచి అంతయ్య గొంతు చిన్నగా వినిపించింది.

"గా రెండేండ్లు నువ్వెట్లున్నవ్ సైదీ?"

వచ్చి ఇన్నేళ్ళయినా అతను అడగని మాట అది. నేనూ ఎప్పుడూ అడగలేదు, పక్కింట్లోనే ఉండి. చిట్యాల వచ్చింది, చౌటుప్పల్ వచ్చింది. అప్పుడు సైదమ్మ చెప్పింది, కోపం లేకుండా, ఎవరి సంగతో చెప్పినట్టు.

"గప్పుడు మనకు బాయి ఏడిది, చుట్టుపక్కల ఇండ్లేడియి? పొద్దంత మాట్లాడెతందుకు మనిషి లేకపోతుండె. దూరం బోరింగు కాడ ఆడోళ్ళు జమైతుండ్రి. లైన్ల నిలబడ్డంత సేపు వాళ్ళతోని మాట్లాడుతుంటి. బిందె నిండినంక ఇంటికి పోవాలె గదా. గందుకే ఎవ్వరు చూడకుంట మలుపు కాడ నీళ్ళు పారబోసి, ఉత్త బిందె పట్టుకొని పోయి మల్ల ఎనక నిలబడుతుంటి."

"ఎన్నిపార్లు?" అన్నాడు అంతయ్య.

"ఆళ్ళందరు ఇండ్లకు పొయ్యేదాక."